కర్రీ కాదు, రోస్ట్

కర్రీ వండొద్దన్నారు, వండలేదు. రోస్ట్ చెయ్యమన్నారు, చేశాను. ఇందులో నా తప్పెక్కడుందో ఇప్పటికీ నాకు తెలియదు. మా ఆయనకి మాత్రం బాగా తెలుసు. ఇంటికెవరొచ్చినా కూర్చోబెట్టి మరీ చెబుతారు. ఆయన చెప్పే పద్ధతి నాకు నచ్చదు కాబట్టి నేనే చెబుతున్నాను.

అప్పుడు మేం వర్జీనియాలో ఆష్‌బర్న్‌లో ఉండేవాళ్లం. ఇప్పుడు ఆ పేరెత్తితే అందరూ డేటా సెంటర్లు, కంప్యూటర్లు అంటారు. 1979లో అక్కడ ఆవులుండేవి. ఆవులు, మొక్కజొన్న చేలు, ఒక పోస్టాఫీసు, ఒక తెల్లటి చర్చి, మేము. మా ఆయన ఆనందబాబుకి డల్లెస్ ఎయిర్‌పోర్ట్‌లో ఇంజనీరు ఉద్యోగం. దగ్గర్లో అద్దెకి దొరికిన ఇల్లు అదొక్కటే.

చుట్టుపక్కల ఊళ్లన్నీ వెతికితే మా తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఓ ఏడెనిమిది తేలేవి. నెలకోసారి మా ఇంటి బేస్‌మెంట్‌లో ఆరాధన. అక్కడే ఇల్లంతా వేడిచేసే ఫర్నేసు కూడా ఉంది. మేం ప్రార్థన మొదలుపెట్టగానే అదీ మొదలుపెట్టేది. బాల్టిమోర్‌లో చదువుకుంటూ మాకు పాస్టరుగా వచ్చే సుందర్ రాజ్ గారు దానికంటే గట్టిగా ప్రార్థించేవారు. అది తగ్గేది కాదు. ఆయనా తగ్గేవారు కాదు.

ఆ ఏడు వేసవిలో మాకు పాప పుట్టింది. నెలలు నిండకుండా పుట్టింది. పిడికెడంత బిడ్డ, గాజుపెట్టెలో ముక్కుకో గొట్టం. ఆ పెట్టె పక్కన నిలబడి నేను దేవుడికి మాటిచ్చాను. బిడ్డ నాకు దక్కితే, గంట ఉన్న గుడిలో, పదిమంది ముందు, తెలుగులో బాప్తిస్మం ఇప్పిస్తానన్నాను. దక్కింది. ఇక మిగిలింది గంట ఉన్న గుడి. ఫర్నేసు పక్కన పెట్టేద్దామని మా ఆయన అన్నారు గానీ, దేవుడితో బేరమాడే ధైర్యం నాకు లేదు.

ఊళ్లో ఉన్నది ఆ తెల్ల చర్చి ఒక్కటే. క్రిస్మస్ వారం ఆదివారం మధ్యాహ్నం మాకిమ్మని అడిగాం. వాళ్ల పాస్టరు గారికి అభ్యంతరం లేదు. కానీ కమిటీ ఒప్పుకోవాలట. కమిటీ అంటే పేరుకి అయిదుగురు, నిజానికి ఒక్కడు. మిస్టర్ హాస్కెల్. మా కంచె అవతల పొలం ఆయనదే. డెబ్బై దాటిన మనిషి, భార్య పోయి రెండేళ్లయింది. రోజూ ఎదురుపడతాడు, చెయ్యెత్తుతాడు, వెళ్లిపోతాడు. అంతకంటే మాట్లాడితే ఏమైనా ఖర్చవుతుందేమో.

ఆయన ఇబ్బంది మామీద కాదు, వాసనమీద. ఎప్పుడో వాషింగ్టన్ నుంచి ఎవరో ఇండియన్లు చర్చి హాలు తీసుకుని భోజనాలు పెట్టుకున్నారట. ఆ కర్రీ వాసన ఈస్టర్ దాకా కర్టెన్లని వదల్లేదట. మా ఆయన వెంటనే, మా వాళ్లు కర్రీ తేరని మాటిచ్చేసి వచ్చారు. నాకు ఒళ్లు మండింది. ఆరాధన అయ్యాక అందరం కలిసి తినే ప్రేమవిందు లేదంటే దేవుడొస్తాడేమో గానీ, బాల్టిమోర్ నుంచి రావాల్సిన మావాళ్లెవరూ రారు.

నవంబరు చివర్లో ఒకనాడు హాస్కెల్ మా వంటింటి తలుపు కొట్టాడు. ఒక చేతిలో న్యూస్‌పేపర్ పొట్లం, ఇంకో చేతిలో గోనెసంచి. పొట్లంలో కౌజు పిట్టలు. పొద్దున్నే తన చేలో కొట్టి, శుభ్రం చేసి తెచ్చాడు. సంచిలో తన నేలమాళిగలో దాచుకున్న చలికాలపు కూరగాయలు. గుమ్మంలోనే నిలబడి, నేను ఆయన నోట విన్న అతి పెద్ద ప్రసంగం చేశాడు. వాళ్లావిడ ఈ పిట్టల్ని ఈ కూరగాయలతో రోస్ట్ చేసేదట. ఆవిడ పోయినా తనకి వేట అలవాటు పోలేదట, వండేవాళ్లే లేరట. నేను శనివారం రోస్ట్ చేస్తే వచ్చి తింటాడట, హాలు సంగతి కూడా అప్పుడే మాట్లాడుకోవచ్చట.

రోస్ట్ అనగానే నా ప్రాణం లేచివచ్చింది. అమెరికా వచ్చిన దగ్గర్నుంచీ ఎవరింటికెళ్లినా నాకు తెలియని పేర్లే చెప్పారు. మొదటిసారి ఒక అమెరికన్ నా భాషలో ఒక వంట పేరు చెప్పాడు.

గుంటూరులో మా మిషన్ కాంపౌండ్‌లో రోస్ట్ రాని ఆడది లేదు. మా అమ్మమ్మల కాలంలో దొరసానమ్మలు ఆ మాట పట్టుకొచ్చారట. వాళ్లు ఏం చేసేవాళ్లో ఎవరికీ గుర్తులేదు. వాళ్లు వెళ్లిపోయారు, మాట ఉండిపోయింది. మాంసం ముక్కలు కోసి, అల్లం వెల్లుల్లి, ఉప్పు, పసుపు పట్టించి, నీరంతా ఇగిరేదాకా ఉడికించి, ఆపైన మూకుట్లో ఉల్లిపాయలు, మిరియాలు, ఎండుమిరపకాయలు, కరివేపాకు వేసి నల్లగా వేయిస్తే అది రోస్ట్. పులుసుంటే కూర, లేకపోతే రోస్ట్. మా కాంపౌండ్‌లో పిల్లలకి పది ఆజ్ఞల కంటే ముందు ఇది తెలుస్తుంది.

శనివారం మా ఆయన సుందర్ రాజ్ గారిని బస్సు దగ్గర్నుంచి తీసుకురావడానికి వెళ్లారు. నేను పాపని ఉయ్యాల కుర్చీలో పడేసి పని మొదలుపెట్టాను. సంచిలో క్యారెట్లు, టర్నిప్పులు, తెల్ల ముల్లంగి. టర్నిప్పుల్ని పిట్టల్తో పాటే వేయించాను. ముల్లంగి పులుసు పెట్టాను. రుచి చూస్తే తియ్యగా ఉంది. బెల్లం వెయ్యలేదే అని మళ్లీ చూశాను, మళ్లీ తియ్యగానే ఉంది. ఈ దేశంలో ముల్లంగి కూడా ఇంతేనేమో అనుకున్నాను. దాన్ని పార్స్‌నిప్ అంటారని తర్వాత తెలిసింది.

మా ఆయన లోపలికొస్తూనే గుమ్మంలో ఆగి రెండుసార్లు దగ్గారు. సుందర్ రాజ్ గారు మాత్రం కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చారు.

"విమలా, పిట్టలేవి?" అన్నారు మా ఆయన.

"పొయ్యిమీదున్నాయి కదండీ."

ఆయన వెళ్లి ఓవెన్ తలుపు తీశారు. అందులో నా మూకుళ్లు, ఇడ్లీ పాత్ర, పెనం ఉన్నాయి. మొదట్నుంచీ అవి అక్కడే ఉంటాయి. ఆయన ఆ తలుపు మూసి, కుర్చీలో కూలబడి, అమెరికాలో రోస్ట్ అంటే ఏంటో చెప్పారు. పిట్టని పిట్టలాగే ఉంచాలట. వెన్న రాసి, ఉప్పు చల్లి, చుట్టూ కూరగాయలు పేర్చి ఓవెన్‌లో పెట్టి ఊరుకోవాలట.

"అంతేనా? దానికో పేరు కూడానా?" అన్నాను.

పైకి అలా అన్నాను గానీ జరగబోయేదేంటో నాకు అర్థమైంది. కర్రీ వాసనంటే పడని మనిషి ఇంకాసేపట్లో వస్తాడు. ఈ ఇంట్లోకి అడుగుపెట్టగానే వెనక్కి తిరుగుతాడు. గుడి పోతుంది. దేవుడికి మాటిచ్చింది నేను, మూకుడు పట్టుకున్నదీ నేనే. గాజుపెట్టె గుర్తొచ్చి పాపని ఎత్తుకుని గట్టిగా పట్టుకున్నాను. మా ఆయన ఆ చలిలో కిటికీలన్నీ తెరిచారు. తర్వాత స్పూను పుచ్చుకుని రోస్ట్‌లోంచి కరివేపాకు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టారు. ఇంగ్లీషులో దాని పేరు కర్రీ లీఫ్ అవడం మా ఖర్మ.

హాస్కెల్ టై కట్టుకుని వచ్చాడు. చేతిలో చిన్న జెల్లీ సీసా. రోస్ట్‌లో నంజుకోవడానికి వాళ్లావిడ చేసిందట, ఇదే ఆఖరిదట. దాన్ని బల్లమీద జాగ్రత్తగా పెట్టాడు. ఇల్లంతా బయటున్నంత చల్లగా ఉంది. మా ఆయన కోటు తియ్యమంటే వద్దన్నాడు.

గిన్నె మూత తీశాను. ఆయన చాలాసేపు చూశాడు.

"నేను రోస్ట్ అన్నాను," అన్నాడు.

"ఇది రోస్టే," అన్నాను.

సుందర్ రాజ్ గారు గబగబా ప్రార్థన చేసేశారు. ఆయన జీవితంలో అంత చిన్న ప్రార్థన అదొక్కటే. హాస్కెల్ ఫోర్కుతో ఒక కాలు తెగ్గొట్టాలని చూశాడు. అది ప్లేటంతా తిరిగింది గానీ తెగలేదు. నేను చేత్తో తినడం చూశాడు. ఫోర్కు పక్కన పెట్టి చేత్తో తీసుకున్నాడు. ఒక ముక్క తిన్నాడు, ఆగాడు, ఇంకోటి తిన్నాడు. నోట్లోంచి ఆవగింజంత సీసం గుండు తీసి ప్లేటు అంచున పెట్టాడు. ముక్కు ఎర్రబడింది. సీసా మూత తిప్పి, జెల్లీ కాస్త ముక్కమీద వేసుకుని నోట్లో పెట్టుకున్నాడు. అప్పుడు ఆయన కళ్లమ్మట నీళ్లు కారాయి. మా ఆయన కంగారుపడి క్షమించమన్నారు.

"మిరియాలు," అన్నాడు హాస్కెల్. తుడుచుకుని మళ్లీ జెల్లీ వేసుకున్నాడు.

మా ఆయన కంటపడకుండా మిగిలిన కరివేపాకు రెబ్బ ఒకటి అన్నంలోంచి తీసి పైకెత్తి, ఇదేమిటని అడిగాడు. మా ఆయన ముఖం పాలిపోయింది.

"కరివేపాకు," అన్నాను తెలుగులో.

"అంటే?"

"ఆకు."

ఆయనకది సరిపోయింది. రెబ్బ పక్కన పెట్టి, గిన్నె తన వైపు లాక్కుని, నా కళ్లలోకి సూటిగా చూశాడు. ఆరాధన తర్వాత హాల్లో మీవాళ్లు పెట్టుకునేది ఇదేనా అని అడిగాడు. ఇలాంటిదే అన్నాను.

"ఇది కర్రీనా?"

మా ఆయన నోరు తెరిచారు. ఆయన నిజం చెప్పే రకం. ఆయన కంటే ముందు నేనే అందుకున్నాను.

"కాదు. కర్రీకి పులుసుంటుంది. ఇందులో చుక్క నీళ్లు లేవు, చూడండి." గిన్నె వంచి చూపించాను. ఏమీ కారలేదు. మా అమ్మ చేతి వాటం నాకు వచ్చిందని ఆ క్షణంలో గర్వపడ్డాను.

హాస్కెల్ గిన్నె అడుగు దాకా పరీక్షగా చూశాడు. ముల్లంగి పులుసు వైపు వేలు చూపించాడు.

"మరి అది?"

"సూప్," అన్నాను. పాస్టరు గారు తల దించుకున్నారు. దేవుడు నన్ను క్షమించాలి.

"మా రూలు కర్రీమీద," అన్నాడు హాస్కెల్ లేచి నిలబడుతూ. "రోస్ట్‌మీద రూలేమీ లేదు."

కమిటీ అదే మాటమీద నిలబడింది. హాల్లో కర్రీ నిషిద్ధం. ఆ వారమంతా నేను ఫోన్ పట్టుకుని అందరికీ బోధించాను. క్రిస్మస్ ఆదివారం నాడు హాలు బల్లమీద కోడి రోస్ట్, మాంసం రోస్ట్, వంకాయ రోస్ట్ వరసగా ఉన్నాయి. మేరీల్యాండ్ నుంచి వచ్చిన మీనా పెద్ద డేగిసాడు బిర్యానీ దించి, రైస్ రోస్ట్ అంది. సాంబారు సూప్ అయింది. హాలు కిటికీలు బోసిగా ఉన్నాయేమిటా అని చూస్తే, కర్టెన్లన్నీ మడతపెట్టి హాస్కెల్ ట్రక్కులో ఉన్నాయి. పొద్దున్నే ఆయనే విప్పాడట.

ఆరాధన మొదలయ్యే ముందు గంట మోగింది. తాడు లాగింది కూడా ఆయనే. పాపని ఎత్తుకుని ముందుకెళ్లాం. సుందర్ రాజ్ గారు బాప్తిస్మపు గిన్నెలో వేళ్లు ముంచి చప్పున వెనక్కి తీసుకున్నారు. అంత చలికి నీళ్లు ఎలా ఉంటాయో మాకెవరికీ తట్టలేదు. గాజుపెట్టెలోంచి వచ్చిన బిడ్డ. పాపని గిన్నెకి దూరంగా జరిపాను.

అప్పుడు హాలు వైపు తలుపు తెరుచుకుంది. రోస్ట్ వాసన వచ్చింది, వెనకాలే కెటిల్ పట్టుకుని హాస్కెల్ వచ్చాడు. ఆయన గిన్నెలో వేడినీళ్లు కొద్దికొద్దిగా పోసి, చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేత్తో చూశాడు. ఇంకాస్త పోసి మళ్లీ చూశాడు. ఇక చాలని పాస్టరు గారికి తలూపి, అక్కడే కెటిల్‌తో నిలబడిపోయాడు.

సుందర్ రాజ్ గారు పాపని పేరుపెట్టి పిలిచారు. ప్రేమజ్యోతీ అని, నిదానంగా, తెలుగులో. ఫర్నేసు లేదు కాబట్టి అరవాల్సిన పని లేకపోయింది. గోరువెచ్చటి నీళ్లు నెత్తిమీద పడితే పాప కళ్లు తెరిచి చూసింది, అంతే. ఏడ్చింది నేను. వెక్కి వెక్కి, అందరి ముందూ, ఆపుకోలేక ఏడ్చాను.

హాస్కెల్ జేబులోంచి రుమాలు తీసి ఇచ్చాడు.

"మిరియాలు," అన్నాను.

ఆయన తలూపాడు.