వెచ్చబడిన కందూ

మా ఇంట్లో గోధుమ గాదె ముందు పుట్టింది, ఇల్లు తరువాత. మేం దాన్ని కందూ అంటాం. మా అత్త కిమ్మత్ బీబీ వాళ్ళ అత్తగారు బంకమట్టిలో గడ్డీ మేకవెంట్రుకలూ తొక్కి, రోజుకొక్క వరస చొప్పున చేత్తోనే లేపిందట. కింది వరస ఆరితేగాని పైది పెట్టేది కాదు. మనిషెత్తు లేచాక దాని చుట్టూ గోడలు కట్టి తలుపు పెట్టారు. ఆ తలుపులోంచి అది ఎన్నటికీ బయటికి రాదు. నా సంగతీ అంతేనని కాపురానికొచ్చిన కొత్తలో అనుకునేదాన్ని.

కందూ నింపాక మూత పెట్టి, మట్టితో మెత్తి, ఆ తడిమట్టి మీద ఇంటి పెద్దావిడ అరచేతి ముద్ర వేస్తుంది. వసంతంలో ఎద్దులకు కాడి కట్టే రోజుదాకా ఆ ముద్ర పగలగొట్టకూడదు. అందులో ఉండేది విత్తనం. అది పోతే పొలం బీడే.

ఆ ఏడు మొదటి మంచుకే కొండల మధ్య దారి, కనుమ మూసుకుపోయింది. ఇక కింది ఊళ్ళ నుంచి పిడికెడు గింజలు కూడా రావు. మూడో రోజు ఉదయం ఊడుస్తూ కందూకి చెయ్యి ఆనించాను. వెచ్చగా తగిలింది.

అత్తను పిలిచాను. ఆవిడ రెండు చేతులూ, చెంపా ఆనించి చూసింది.

"బర్కత్తే పిల్లా! మంచిరోజులొస్తే కందూ వెచ్చబడుతుందని మా అత్త చెప్పేది. నువ్వు అడుగుపెట్టిన వేళావిశేషం!"

మధ్యాహ్నానికి ఊళ్ళో ఆడవాళ్ళంతా మా ఇంట్లోనే ఉన్నారు. కందూ గోడ తాకి చెయ్యి కళ్ళకద్దుకున్నారు. "నీ కోడలు సవ్‌సన్‌ని మా ఇంటికీ ఒక నెల పంపు బీబీ, మా కందూ మంచుగడ్డలా ఉంది" అని పక్కింటి నిసో నన్ను ఆటపట్టించింది.

ఆ వేడి ఎక్కడిదో నాకు మాత్రం తెలుసు. కళ్ళంలో ఉండగా వానకు తడిసిన పంట అది. కందూలో పోసేముందు ప్రతి సంచిలోంచీ గింజ కొరికి చూడాలి. కటుక్కుమంటే ఆరినట్టు, మెత్తగా నలిగితే తడి ఉన్నట్టు. ఆ పని అత్త నాకు అప్పగించింది. నాకేమో దవడపన్ను సలుపు. తొమ్మిది సంచుల్లో మూడు కొరికి, తక్కినవి కూడా ఆరాయని చెప్పేశాను. పన్ను నొప్పంటే రోగిష్టి పిల్లను అంటగట్టారంటారని భయం. వెధవ భయం.

మర్నాటికి కందూ గోడ ఇంకా వేడెక్కింది. అడుగున గింజలు తీసే కన్నానికి కుక్కిన గుడ్డ దగ్గర ముక్కు పెడితే పులిసిన వాసన కొట్టింది. అత్త మాత్రం కందూ చుట్టూ సంబరంగా ధూపం వేస్తోంది. చెబితే నన్ను పుట్టింటికి తరిమేస్తారు. చెప్పకపోతే విత్తనం ఉడికిపోతుంది.

"అత్తమ్మా, మూత తియ్యండి."

"నోరు ముయ్యి! కాడి కట్టకుండానా?"

"అది బర్కత్తు కాదు. లోపల గింజ కుళ్ళుతోంది. నేను మూడు సంచులే కొరికాను."

ఆవిడ ధూపం గిన్నె కింద పెట్టింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"నాకు పళ్ళు లేవనే కదే, నీ పళ్ళను నమ్ముకున్నాను" అంది.

నిచ్చెన తనే వేసుకుంది. తన అరచేతి ముద్రను తనే రాయితో పగలగొట్టింది. మూత లేపగానే ఆవిరి ముఖాన కొట్టింది. భుజందాకా చెయ్యి దింపి, నల్లగా గడ్డకట్టిన ముద్దలు పైకి తీసింది. అంచుల్లో గింజ ఇంకా చల్లగానే ఉంది. బొంతలూ కంబళ్ళూ నా పెళ్ళి పరుపూ అన్నీ పరిచి ఆరబోశాం.

నిసో మళ్ళీ వచ్చింది. "ఏమైంది బీబీ మీ బర్కత్తు?"

నేను నల్లబడిన గింజలు ఏరుతున్నాను.

"తడి చూసుకోకుండా పోయించాను. ముసలి బుర్ర" అంది అత్త. "నిలబడి చూస్తావేం, కూర్చుని ఏరు."

పొయ్యి ఆరకుండా మూడు రోజులు తిరగేశాం. పిడికెడు పిడికెడుకీ గింజ కొరికాను. నోట్లో రక్తం వచ్చినా ఆపలేదు. తొమ్మిది సంచులకు ఐదు మిగిలాయి. మళ్ళీ నింపి మూత మెత్తాక అత్త నా మణికట్టు పట్టుకుని, నా అరచేతిని తడిమట్టిలో గట్టిగా అదిమింది.

"ఈసారి వెచ్చబడితే ఎవరి చెయ్యో ఊరంతా చూస్తుంది" అంది.

వసంతందాకా రోజూ పొద్దున్నే లేచి ఆ గోడకు చెయ్యి ఆనించి చూశాను. ఒక్కరోజు కూడా వెచ్చగా తగల్లేదు.