రెండో అంతస్తులో క్లాసు

ఆ పిల్లని ఇంట్లో అందరూ బొంగరం అనేవాళ్ళు. నడక వచ్చిన దగ్గర్నుంచీ ఒక్కచోట కుదురుగా నిలబడిన పాపాన పోలేదు మరి. ఏడో ఏడు నిండాక కిడ్నీలో గడ్డ బయటపడింది. ఆపరేషన్, ఆ తర్వాత ఎనిమిది నెలల కీమో. మందు బాగా పనిచేసింది. గడ్డ ఆనవాలు లేదు, ఇక మూడు నెలలకోసారి వచ్చి చూపించుకుంటే చాలని డాక్టరు చెప్పిన రోజున, వాళ్ళ నాన్న ఆసుపత్రి బయట బెంచీ మీద కూర్చుని బూట్ల లేసులు విప్పడం, కట్టడం, మళ్ళీ విప్పడం. తల ఎత్తితే కళ్ళలో నీళ్ళు అందరికీ కనబడతాయని.

అయితే జబ్బుని తరిమిన మందే పాదాల్లో నరాలను మొద్దుబార్చింది. అడుగు తీస్తే కాలివేళ్ళు నేలను రాసుకుంటూ వచ్చేవి. నరాలు మళ్ళీ పుంజుకుంటాయి, కాకపోతే తీరిగ్గా పుంజుకుంటాయి అన్నారు.

నాన్నది లిఫ్టులు బాగుచేసే పని. ఊళ్ళో సగం లిఫ్టులు ఆయన చేతి మీదుగా నడిచేవే. తమ ఇంటికి మాత్రం మూడంతస్తులూ మెట్లే. అందుకని పిల్లని చంకనేసుకుని ఎక్కేవాడు, దించేవాడు. ఎనిమిదేళ్ళ పిల్ల, మందులకి చిక్కి అయిదేళ్ళ పిల్లంత బరువుంది. మోయడం ఆయనకి ఒక లెక్క కాదు. నిజం చెప్పాలంటే, ఆ ఎనిమిది నెలల్లో పిల్ల కోసం తన చేతులతో తాను చేయగలిగిన పని అదొక్కటే.

బడికి మళ్ళీ పంపే వేళ వచ్చింది. క్లాసు రెండో అంతస్తులో. నాన్న పిల్లని వెంటబెట్టుకుని టీచరు దగ్గరికి వెళ్ళి, రోజూ పొద్దున తనే ఎత్తుకొచ్చి బెంచీలో కూర్చోబెడతానని, సాయంత్రం వచ్చి దించుకుంటానని చెప్పాడు. టీచరు సరేనంది. పక్కనే నలుగురు పిల్లలు వింటున్నారు. బొంగరం మొహం మాడిపోయింది. ఇంటి మెట్ల దగ్గర ఎప్పటిలా నాన్న చేతులు చాస్తే వెనక్కి జరిగింది.

"నన్ను మోయకు నాన్నా. నేనేమన్నా మూటనా?"

ఆ రోజు మూడంతస్తులూ కమ్మీ పట్టుకుని పాకినట్టు ఎక్కింది. మధ్యలో రెండుసార్లు కూలబడింది. నాన్న వెనకాలే, పడితే పట్టుకునేందుకు చేతులు చాచుకుని. పైన అమ్మ తలుపు తీసి ఇద్దరి మొహాలూ చూసి మంచినీళ్ళు ఇచ్చింది.

మర్నాడు ఆసుపత్రిలో కాళ్ళకి కసరత్తు నేర్పే ఆవిడకి ఈ సంగతి చెప్పి, తను చేస్తున్నది తప్పా అని అడిగాడు. ఆవిడ మొహమాటపడలేదు.

"మీరు మోసినన్నాళ్ళూ ఆ కాళ్ళకి పని ఉండదండీ. పని లేకపోతే బలం ఎక్కణ్ణుంచి వస్తుంది?"

అది ఆయనకి అర్థమయ్యే భాష. బాగుచేసిన లిఫ్టుని ముందు ఖాళీగా నడుపుతారు, తర్వాత సగం బరువుతో, ఆఖర్న నిండు బరువుతో. పిల్లకీ అదే పద్ధతి పెట్టాడు. మొదటివారం సంచీ లేకుండా, మధ్యలో ఆగకుండా ఒక అంతస్తు. రెండోవారం రెండు పుస్తకాలతో, ఆ తర్వాత వారం వారం కాస్త బరువు పెంచుతూ. పాదం వాలిపోకుండా డాక్టరు ఇచ్చిన ప్లాస్టిక్ పట్టీ ఎలాగూ ఉంది. జ్వరం చూసి, ఒంట్లో నలతగా ఉన్న రోజున సెలవు. అమ్మ రోజూ సాయంత్రం మడమల మీద నడిపించేది. కాలివేళ్ళతో గోళీలు ఏరి గిన్నెలో వేయడం ఇంకో కసరత్తు. పిల్ల విసుక్కుంటోందని నాన్న కూడా పక్కన కూర్చున్నాడు. పావుగంటలో ఆయన ఏరింది ఒక్కటి, అదీ మంచం కిందకి దొర్లిపోయింది. బొంగరం పొట్ట పట్టుకుని నవ్వింది. అన్ని నెలల తర్వాత ఆ ఇంట్లో అంత నవ్వు అదే. ఆ రోజునుంచి నాన్నకి నేర్పే బాధ్యత తనే తీసుకుంది.

అందాకా వాయిదా వేసిన బడి ఏడోవారం మొదలైంది. గంట మోగడానికి ఇరవై నిమిషాల ముందే వెళ్ళారు. నిండు సంచీ భుజాన వేసుకుని బొంగరం కమ్మీ పట్టుకుంది. నాన్న కింది మెట్టు దగ్గరే ఆగిపోవాలని ముందే ఒప్పందం.

మొదటి అంతస్తు బాగానే ఎక్కింది. పై మలుపులో పట్టీ ఉన్న కాలు మెట్టుకి తగిలి, మోకాలి మీద పడింది. కింద మెట్ల సందులోంచి చూస్తున్న నాన్న కాలు దానంతటదే పై మెట్టెక్కింది. మాటిచ్చాడు కనక వెనక్కి దించుకున్నాడు. బొంగరం కిందకి చూడలేదు. సంచీ సర్దుకుంది, మోకాలు దులుపుకుంది, లేచింది. వెనకాల వస్తున్న పిల్ల సాయం కావాలా అని అడిగినట్టుంది.

"వద్దులే. నువ్వు పక్కనుంచి వెళ్ళు, నేను వస్తున్నాగా."

ఆ గొంతులో బెరుకు లేదు. కాసేపటికి పైన బెంచీ జరిపిన చప్పుడు, టీచరు ఏదో అనడం, పిల్లలు గలగలలాడటం వినిపించాయి. నాన్న పనిముట్ల సంచీ తీసుకుని పనికి వెళ్ళిపోయాడు. ఆ రోజు మూడు లిఫ్టులు బాగుచేశాడు. అడిగినవాడికీ అడగనివాడికీ మా అమ్మాయి బడికెళ్ళిందని చెప్పాడు.

ఆరునెలలు తిరిగేసరికి పట్టీ అవసరం తీరింది. స్కానింగులు రెండూ శుభ్రంగా వచ్చాయి. బడి పరుగుపందెంలో బొంగరం చివర్నుంచి రెండోదిగా వచ్చింది. మరి ఆ చివరిది ఎవరే అని నాన్న అడిగితే, అది మధ్యలో ఊడిన బూటు కోసం వెనక్కి వెళ్ళిందని, లేకపోతే తనే చివరని, వచ్చేసారి దాని బూటు ఊడకపోయినా గెలుస్తానని చెప్పింది.