టైగారి అనువాదం

నాకు చెవులు వినపడవు. ఈ ముక్క ఇంత సూటిగా అంటే మా ఆఫీసులో ఊరుకోరు. "వినికిడి సవాలును ఎదుర్కొంటున్న సహోద్యోగి" అనాలి. నేను దేన్నీ ఎదుర్కోవడం లేదు, పుట్టినప్పటి నుంచీ ఇలాగే హాయిగా ఉన్నాను. ఎదుర్కొంటున్నది ఆ ఆఫీసునే.

వాళ్ళ పని పరిశోధన. బడుల్లో, సంక్షేమ సేవల్లో చెవిటివాళ్ళకి సమానత్వం ఏ మేరకు అందుతోందో తేల్చడానికి రెండేళ్ళ ప్రాజెక్టు. మా వాళ్ళలో ప్రతి మనిషికీ ఒక సైగపేరు ఉంటుంది. చూడగానే ఏది కొట్టొచ్చినట్టు కనిపిస్తే అదే పేరు. ప్రాజెక్టు పెద్దాయన నోరు తెరిచే ముందు మెడ దగ్గర టై సవరించుకుంటాడు. అందుకని ఆయన టైగారు.

ఉద్యోగంలో చేరిన రోజు, "మీరు లేకుండా మీ గురించి రాయడం పాపం" అని ఫోనులో టైపు చేసి చూపించాడు. సిగ్గు విడిచి చెప్తున్నాను, పొంగిపోయాను. ఎందుకంటే ఆ రిపోర్టు మీద ఒక తరగతి బతుకు ఆధారపడి ఉంది. సైగల్లో పాఠాలు చెప్పే తరగతి ఊరు మొత్తానికీ అదొక్కటే. పదకొండుమంది పిల్లలు. అందులో ఒకత్తె మా అన్నయ్య కూతురు, ఏడేళ్ళ సొట్టబుగ్గ. ఆ తరగతిని ఉంచాలో తీసేయాలో విద్యాశాఖ ఈ రిపోర్టు చూసి నిర్ణయిస్తుంది.

ఆ తరగతిలో చేరకముందు సొట్టబుగ్గ ఏం కావాలో చెప్పలేక గోడకేసి తల కొట్టుకునేది. ఇప్పుడు స్నానం చేయిస్తున్నా కబుర్లే. "నోరైతే మూయించొచ్చు, ఈ పిల్ల చేతులు ఎవరు మూయిస్తారు!" అని వదిన విసుక్కుంటుంది. ఆ విసుగు చూస్తే నాకు కడుపు నిండిపోతుంది.

పద్నాలుగుమందిని వీడియో తీశాను. అందరూ మా వాళ్ళే, అందరూ సైగల్లోనే మాట్లాడారు. అరవై దాటిన ఒక దర్జీ ఆవిడ తన కుట్టుమిషను ముందే కూర్చుని చెప్పింది.

"బడిలో ఎనిమిదేళ్ళు చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నానమ్మా. బయటికి తీస్తే స్కేలుతో కొట్టేవారు. మా చెల్లి చేతులైతే గుడ్డతో కట్టేశారు. సంక్షేమ శాఖ నుంచి వచ్చినావిడ మా అమ్మకి చెప్పింది, నోటితో అడిగేదాకా తిండి పెట్టొద్దని. ఆకలేస్తోంది అనడం నోటికి వచ్చేసరికి నాకు పన్నెండేళ్ళు." నా వైపు వేలు చూపించి, "ఇది రాయి. ఇంకో పిల్లకి జరగకూడదు" అంది. రాస్తానని మాటిచ్చాను.

వీడియోలు పరిశోధన పద్ధతిని తనిఖీ చేసే నైతిక కమిటీ ముందుకి వెళ్ళాయి. గోప్యత కోసం ముఖాలు కనపడకుండా చెరిపేయమన్నారు. దర్జీ ఆవిడ వేలి మీద మచ్చ చూసి గుర్తుపడతారేమోనని ఎవరికో అనుమానం వచ్చి చేతులు కూడా చెరిపేశారు. తెర మీద పద్నాలుగు పిండిముద్దలు కదులుతున్నాయి. మా ముఖం, మా చేతులు, అదే మా నోరు. దాన్ని నున్నగా తుడిచేసి, మీ మాట భద్రంగా ఉంది అన్నారు. అసలు వీడియోలు నిబంధన ప్రకారం తీసేశారట.

"మరి వీళ్ళు ఏం చెప్పారో ఎవరు రాస్తారు?" అని టైగారికి టైపు చేశాను.

"రెండు వారాల శిక్షణ పొందిన అనువాదకుడు చూస్తాడు. మీరు రాస్తే పక్షపాతం అంటారు. మీ మేనకోడలు ఆ తరగతిలోనే ఉంది కదా?"

రిపోర్టు తొమ్మిదో పేజీలో ఇలా ఉంది: "కదలికల్లోని ఉత్సాహాన్ని బట్టి, పాల్గొన్నవారు తమ బడి రోజులను ఆప్యాయంగా గుర్తు చేసుకున్నట్టు తెలుస్తోంది." చివరి పేజీలో సిఫారసు. ప్రత్యేక తరగతి తీసేసి పదకొండుమందినీ పదకొండు మామూలు తరగతుల్లో సర్దాలి. ఒక్కో గదిలో, మాట్లాడే తోడు లేకుండా, ఒక్కో పిల్ల. దానికి సమ్మిళిత విద్య అని పేరు.

కాగితం మీద రాసి ఇవ్వచ్చుగా అంటారేమో. నాలుగు పేజీలు రాసిచ్చాను. మీ ఆవేదన అర్థమైంది, భాష సరిదిద్ది అనుబంధంలో చేరుస్తాం అని జవాబిచ్చారు. అచ్చయిన రిపోర్టులో అనుబంధమే లేదు.

విడుదల సభకి నాలుగు రోజుల ముందు టైగారు నా బల్ల దగ్గరికి వచ్చాడు. "వేదిక మీద రెండు నిమిషాలు మీ భాషలో మాట్లాడండి. అనువాదకుణ్ణి పెడతాం. ఒక పాపని కూడా తీసుకురండి, ఫోటో నిండుగా ఉంటుంది."

ఆ నిండుదనం మీద ఉమ్మాలనిపించింది. కానీ విద్యాశాఖ అధికారిణి ముందు వరసలో కూర్చుంటుంది. సిఫారసు మీద సంతకం పెట్టాల్సింది ఆవిడే. సరేనన్నాను. వదినకి ఆ రోజు డ్యూటీ ఉండటంతో సొట్టబుగ్గని నేనే తీసుకెళ్ళాను.

వేదిక ఎక్కి చూస్తే అనువాదకుడు లేడు. టైగారు టై సవరించుకుని మైకు ముందు నిలబడ్డాడు. ఆయన ఏం మాట్లాడినా వెనక తెర మీద అక్షరాలుగా పడుతోంది. "ఇవాళ నేనే అనువదిస్తాను. రెండేళ్ళుగా వీరి దగ్గరే నేర్చుకుంటున్నాను."

ఆయనకి వచ్చిన సైగలు మూడు. అందులో ఒకటి తప్పు.

అయినా మొదలుపెట్టాను. చేతులు కట్టేయడాన్ని చూపించడానికి భాషెందుకు, ఎవరికైనా అర్థం కావాలి. మణికట్లు దగ్గరికి చేర్చి బిగించి చూపించాను. తెర మీద పడింది: "ఈ ప్రాజెక్టు తన సంకెళ్ళు తెంచిందని అంటున్నారు." ఆకలితో కూర్చున్న పిల్లని అభినయించి చూపించాను. "భోజనం ఏర్పాట్లు బాగున్నాయట." హాలంతా నవ్వింది. ఆ పళ్ళన్నీ నాకు ఒకేసారి కనిపించాయి. ఆ తరగతి తీసేయొద్దు, పిల్లల్ని విడదీయొద్దు అన్నాను. "అందరూ కలిసి ఉండాలని వీరి ఆకాంక్ష."

కాదు, కాదు అని తల అడ్డంగా ఊపుతూ మైకు మీదకి వెళ్ళాను. ఆయన పెద్దగా నవ్వి, కెమెరాల ముందు నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని గట్టిగా పట్టుకున్నాడు. చెమట చేతులు, వెచ్చగా జిడ్డుగా. నా నోరు నొక్కుతున్నానని ఆయనకి తెలియదు. తెలియకపోవడమే ఆయన చదువు.

"చప్పట్లు వీరికి వినపడవు. వీరి పద్ధతిలోనే అభినందిద్దాం!" అని ఆయన మాట తెర మీద పడింది.

రెండొందలమంది లేచి నిలబడ్డారు. చేతులు పైకెత్తి, వేళ్ళు విప్పి, గాల్లో ఆడించారు. అధికారిణి కూడా రెండు సార్లు ఆడించి, కూర్చుని, ఫైలు తెరిచి సంతకం పెట్టింది. పైనుంచి నాకు పెన్ను కదలడం కనిపించింది.

సొట్టబుగ్గ మెట్లెక్కి పరుగున వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"అత్తా! ఇంతమందికి మన భాష వచ్చా? అందరికీ అర్థమైపోయింది!" దాని వేళ్ళు తొందరలో ఒకదానికొకటి తగులుతున్నాయి. "ఇంక మన క్లాసు తీసేయరు కదా?"

నిజం చెప్పడానికి నా చేతులు ఇంకా ఆయన చేతుల్లోనే ఉన్నాయి. లాక్కోవచ్చు. లాక్కోలేదు. తీసేయరని తల ఊపాను.

రెండేళ్ళుగా వాళ్ళ మీద పేరుకున్న అసహ్యమంతా ఒక్కసారిగా నా మీదకి తిరిగింది. సొట్టబుగ్గ నా మాట నమ్మింది. ఫోటో తీసేవాడి వైపు తిరిగి, అందరికంటే ఎత్తుగా చేతులు లేపి, వాళ్ళతో పాటు ఊపింది.