రెండు చెంచాలు

పొద్దున్నే రెండు చెంచాల మధ్య మామగారి మాత్రలు నలగ్గొట్టడం ఉమాశ్రీ పని. ముప్పై ఏళ్ళు ట్రెజరీ ఆఫీసుని హడలెత్తించిన భీమేశ్వరరావుగారికి మాత్ర మటుకు గొంతు దిగదు. ప్రగతి నగర్ ఫ్లాట్‌కి కోడలిగా వచ్చిన రెండో వారానికే ఆ చెంచాలు తన చేతిలో ఉన్నాయి. ఎవరిచ్చారో గుర్తులేదు, వచ్చేశాయంతే.

ఇప్పుడు కొత్త మాత్ర చేరింది. ప్రొస్టేట్ ఆపరేషన్‌లో రక్తం ఎక్కువ పోకుండా రెండు వారాల ముందు నుంచీ వేసుకోవాలనీ, ఒక్కరోజూ మానొద్దనీ డాక్టరు చెప్పారు. డబ్బాలోని కాగితం చదివి ఉమాశ్రీ ఆగిపోయింది. గర్భిణులు ఈ మాత్ర పొడిని ముట్టుకోకూడదట, కడుపులో మగబిడ్డ ఉంటే ప్రమాదమట.

ఆమెకి తొమ్మిదో వారం. భర్త ఆదర్శ్‌కి కూడా చెప్పలేదు. కిందటిసారి ఐదో వారంలోనే సంబరంగా అందరికీ చెప్పింది. అది పోయాక, "రోజూ ఆఫీసంటూ రాయదుర్గం దాకా ఆ తిరుగుళ్ళేంటమ్మా, నిలుస్తుందా?" అన్నారు అత్తగారు జయలక్ష్మి. "అమ్మ మాటలు పట్టించుకోకు" అన్నాడు ఆదర్శ్, ఫోన్లోంచి తలెత్తకుండా. పట్టించుకోకుండా ఉండడం కూడా తన పనుల్లో ఒకటైంది. ఈసారి స్కాన్ అయ్యేదాకా ఈ సంగతి తనలోనే ఉండాలనుకుంది.

"అత్తయ్యగారూ, ఈ ఒక్క మాత్ర మీరు నలగ్గొడతారా?"

"ఆయనకి ఆపరేషనంటే నీకు రెండు చెంచాలు బరువయ్యాయా?" అన్నారావిడ.

"రెండు నిమిషాల పని కదా, ఉమా" అన్నాడు ఆదర్శ్. అయితే నువ్వే చెయ్యి, అని ఆమె నోటిదాకా వచ్చింది. కారణం చెప్పలేదు, మాత్ర మానిపించలేదు. ఆ పూటకి జయలక్ష్మి విసుక్కుంటూ నలిపారు. హాల్లో భీమేశ్వరరావుగారు పేపరు మడిచి అంతా విన్నారు.

మర్నాడు ఉమాశ్రీ వంటింట్లోకి వచ్చేసరికి ఆయన బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. ఎదురుగా విప్పిన ఆ కాగితం, చేతిలో రెండు చెంచాలు.

"కాస్త దూరంగా ఉండమ్మా, పొడి ఎగురుతుంది."

ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆయన అలవాటులేని చేతులతో మాత్ర నలిపి, నీళ్ళలో కలుపుకుని, మొహం చిట్లించి తాగారు. చెంచాలు రెండుసార్లు సబ్బుతో కడిగారు. ఈ ఇంట్లో ఆయన చెంచా కడగడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"మీ అత్తయ్యకి నేను చెప్పనమ్మా. నువ్వు చెప్పాలనుకున్నప్పుడే తెలుస్తుంది" అన్నారు, కుళాయి కట్టేస్తూ.

ఉమాశ్రీ రెండడుగులు ముందుకు వేసింది. ఎవరికీ చెప్పకూడదనుకున్న మాట చెప్పేయాలనిపించింది.

"తొమ్మిదో వారం, మావయ్యగారూ."

ఆయన తలూపి, తడి తుడిచిన చెంచాలు చొక్కా జేబులో పెట్టుకున్నారు.

"ఆపరేషనయ్యాక కూడా ఇవి నా దగ్గరే ఉంటాయి."