చేదబావి తాడు

నాట్లు సగం మడి దాటకముందే సత్తెమ్మ కాలికి కట్టుకున్న పుల్ల బురదలో చిక్కింది. కెవ్వుమని గట్టెక్కి గుడ్డ విప్పి చూసుకుంది. మడమ పైన కురుపులోంచి తెల్లటి దారంలా వెలికివస్తున్న నారిపురుగు తెగలేదు. పుల్లకు నాలుగు చుట్లు చుట్టుకొని అట్లాగే ఉంది. రోజుకు ఒక చుట్టు, అంతే. తొందరపడి లాగితే లోపలే తెగుతుంది. నిరుడు ఆమె పెనిమిటి సోమనర్సయ్యకు మోకాలి దగ్గర అట్లా తెగి, చీము పట్టి, కాలు కట్టెలా బిగుసుకుపోయింది. అప్పటినుంచి అతడు మంచం మీద కూర్చొని తాళ్లు పేనుతున్నాడు. ఇంటికి వచ్చే కూలి ఆమె ఒక్కదానిదే.

"మల్ల గట్టెక్కినవా సత్తెవ్వా?" పటేలు జీతగాడు హన్మంత్ అరిచాడు. "సగం రోజుకు సగం కూలే, ఎర్కేనా?"

"ఎర్కనే తమ్మీ. జరంతసేపు కూసోనియ్యి."

అది ఎనభై నాలుగు వానాకాలం. జఫర్‌గఢ్ అవతల ఆ ఊరి మాదిగవాడలో పదకొండు మందికి నారి లేచింది.

మధ్యాహ్నం దాటాక సర్కారు నర్సు అరుణ వాడకు వచ్చింది. జఫర్‌గఢ్‌లో బస్సు దిగి నాలుగు మైళ్లు నడిచిన మనిషి. చెప్పుల నిండా బురద. సత్తెమ్మ కురుపు కడిగి కట్టు కట్టి, సంచిలోంచి ఒక తెల్లబట్ట తీసి ఇచ్చింది.

"ఈ బట్టతోని వడగట్టి తాగాలె అక్కా. నారి గాలికి రాదు, దేవర కోపం కాదు. మీ మెట్లబాయి నీళ్లల్ల కండ్లకు కనపడీ కనపడని పురుగులుంటయి. అవి కడుపుల పడితే ఏడాదికి గిట్ల కాలు పొడుసుకొని ఎల్తది."

"మరి ఆ బాయిలకు యాడికెల్లి వచ్చింది?"

"కురుపున్న కాలు నీళ్లల్ల పెడితే నారి పిల్లల్ని ఇడుస్తది. వేలకు వేలు."

సత్తెమ్మ చేతిలో బట్ట ఉండలా నలిగింది. నిరుడు ఎండాకాలమంతా సోమనర్సయ్య మంటకు ఆగలేక ఏడుస్తుంటే తనే భుజం పట్టి మెట్లు దింపింది. కాలు నీళ్లలో పెట్టించి, అతడి ముఖం తేటపడేదాకా పక్కన కూర్చుంది. ఆ నీళ్లే కడవకు ముంచి ఇంటికి తెచ్చింది.

"మా బుజ్జికి నిన్న పిక్క మీద బొబ్బ లేచింది," అంది మెల్లగా. "ఏడేండ్ల పిల్ల. నేనే తాపిన్నా అమ్మా?"

అరుణ ఆమె పక్కకు జరిగి కూర్చుంది.

"నీకు ముందుగాల చెప్పినోళ్లెవరక్కా," అంది. "ఇంకో బాయి ఉంటే మీరు ఆ మెట్లబాయిల ఎందుకు దిగుతరు?"

ఇంకో బావి ఉంది. భూపాల్ పటేలు ఇంటి ముందు, గచ్చు గోడ, గిరక, తాడు ఉన్న చేదబావి. ఎవరి కాలూ తగలని నీళ్లు. ఆ ఇంట్లో ఇప్పటిదాకా ఒక్కరికీ నారి లేవలేదు. అరుణ పటేలు దగ్గరికి వెళ్లింది. సత్తెమ్మ వాకిటికి దూరంగా నిలబడింది.

"బట్టలిచ్చిన్రు గద, వడగట్టుకొమ్మనుండ్రి," అన్నాడు పటేలు కుర్చీలోంచి లేవకుండానే. "మా బాయిల వాళ్ల బొక్కెన పడితే మా ఇంట్ల ఎవ్వరు తాగుతరు?"

"మీ నాట్లేసేటోళ్లే గదా పటేలా మంచాన పడుతుండ్రు."

"వీళ్లు గాకపోతే మరిపెడ దిక్కుకెల్లి తోలుకొస్త. కూలోళ్లకేం కరువా?"

అరుణ బయటికి వచ్చి సంచి భుజాన వేసుకుంది. "పై ఆఫీసుకు రాస్త అక్కా. బోరింగు ఎన్నాళ్లకు వస్తదో మరి." బస్సు అందుకోవాలని వెళ్లిపోయింది.

మరునాడు పొద్దున్నే సత్తెమ్మ కర్ర పట్టుకొని వచ్చి మెట్లబావి పైమెట్టు మీద కూర్చుంది. కురుపున్నవాళ్లను దిగనివ్వలేదు. మంచిగున్నవాళ్ల చేత ముంచించి, కడవ మూతికి తెల్లబట్ట కట్టి వడగట్టించి పంపింది. ముసలి పోశవ్వ కాలు ముంచుకుంటానని బతిమాలింది.

"మంట లేస్తాంది బిడ్డా. ఒక్కపారి."

"నాకూ లేస్తాంది అవ్వా. దిగకు."

హన్మంత్ వచ్చేసరికి నాట్లకు పోవలసిన ఆడవాళ్లు పదిమంది ఆమె చుట్టూ ఉన్నారు.

"నాటుకు రారా? పటేలు గట్టు మీద నిలవడ్డడు."

"రాము," అంది సత్తెమ్మ. ఆ మాట ఆమెకే కొత్తగా వినిపించింది. "చేదబాయి తాడు మా చేతికి ఇయ్యమను. నీళ్లు చేదుకున్నంక వస్తం."

"పిచ్చి లేసిందా? మరిపెడోళ్లను తోలుకొస్తడు. మీరేం తింటరు?"

తిండి సంగతి అందరికీ తెలుసు. వెనక నిలబడ్డ ఇద్దరు ముఖాలు చూసుకొని, తలలు వంచుకొని పొలం దిక్కు నడిచారు. మిగిలినవాళ్లు కదల్లేదు. హన్మంత్ పటేలుకు చెప్పడానికి పోయాడు.

ఎండ ఎక్కింది. కట్టు కింద నిప్పు రాజుకుంది. నాలుగు మెట్ల కింద నీళ్లు చల్లగా, నిశ్చలంగా ఉన్నాయి. సత్తెమ్మ వాటి దిక్కు ఒకసారి చూసి, కాలు కొంగు కిందికి లాక్కొని కూర్చుంది.