హెచ్ ముందా, ఆర్ ముందా

ఆవిడకు భర్తతో వచ్చిన చిక్కల్లా ఒక్కటే: ఆయనకు పొరపాటు చేయడం చేతకాదు. పదిహేడేళ్ల కాపురంలో ఏ తప్పు జరిగినా అది మిక్సీదో, గోడగడియారానిదో, మరీ గతిలేకపోతే ఆవిడదో అయ్యేది.

ఆ పొద్దున అత్తగారి మొక్కల నర్సరీలో నీళ్లతొట్టి పని మొదలైంది. వేసవి గట్టెక్కాలంటే పన్నెండు వేల లీటర్లు పట్టాలి. ఉన్నది ఒకటే రేకుచుట్ట, మీటరు వెడల్పు, పదమూడు మీటర్ల పొడవు. తప్పుగా కోశారంటే మొక్కలు ఎండినట్టే.

"వ్యాసార్థం మీటరు, ఎత్తు రెండు మీటర్లు," ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ప్రకటించాడాయన. "పన్నెండువేల ఐదువందలు పైనే! సూత్రం నేనే ఎక్కించా. సగానికి కోసెయ్ మేస్త్రీ, ఒకదానిమీద ఒకటి నిలబెడదాం."

మేస్త్రి కత్తెర తీశాడు. ఆవిడ బీఎస్సీ లెక్కలు ఉలిక్కిపడి లేచాయి. ఒక ఒకట్ల ఒకటి, ఒక రెళ్ల రెండు, దాన్ని మూడూ పాయింట్ ఒకటీ నాలుగుతో...

"ఆగు మేస్త్రీ! ఏవండీ, ఆరువేల చిల్లరే వస్తోంది!"

"కంప్యూటర్ కంటేనా? నిన్న వ్యాసార్థం రెండు, ఎత్తూ రెండు ఇచ్చి చేతిలెక్కతో సరిచూశాను. చుక్క తేడా లేదు."

"రెండంకెలూ సమానమైతే తేడా ఎలా తెలుస్తుందండీ? ఇప్పుడు తిరగేసి ఇవ్వండి. రెండు ముందు, ఒకటి తర్వాత."

విసుక్కుంటూనే కొట్టాడు. తెరమీద ఆరువేల రెండువందల ఎనభై మూడు!

ఆవిడ తెరమీదకు వంగింది. "దొరికింది! ఏది ముందో దానికి చెప్పారా?"

"చెప్పడమేంటి? సూత్రంలో వ్యాసార్థం, అదే ఆర్, ముందే రాశాగా!"

"మీరెలా రాసినా అది ఇంగ్లీషు అక్షరాల వరసలో సర్దేసుకుంది. ఎత్తు హెచ్ ముందు, ఆర్ తర్వాత. మీ ఒకటి ఎత్తుకి పోయింది, రెండు వ్యాసార్థానికి!"

"మరి నా మొక్కల గతేంటే?" అన్నారు అత్తగారు.

"కంప్యూటర్ లెక్కేసిన తొట్టే కడదాం అత్తయ్యా. వ్యాసార్థం రెండు, ఎత్తు మీటరు."

మేస్త్రి టేపు లాగి, కత్తెర పక్కన పడేశాడు. "అయితే చుట్టుకొలత పన్నెండున్నర మీటర్లు, కోతే లేదమ్మా! అడుగుభాగం ఎలాగూ సిమెంటే. చుట్ట మొత్తం విప్పి గుండ్రంగా నిలబెట్టేస్తా!"

అత్తగారు కొడుకు వైపు తిరిగారు. "ఈసారి తప్పెవరిదిరా? ల్యాప్‌టాప్‌దా?"

ఆయన దాన్ని మెల్లిగా మూశాడు. ఏదో గొణిగాడు.

"కాస్త గట్టిగా అనండి," అంది ఆవిడ. "మేస్త్రికి వినపడలేదట."

"తప్పు నాదే!"