గాలిలోంచి నీళ్లు

ఆమె భర్త చొక్కా ఇస్త్రీ చేస్తోంది. ఆయన అద్దం ముందు నిలబడి, పెట్టుబడి పెట్టేవాళ్ల ముందు చెప్పాల్సిన మాటలు వల్లెవేసుకుంటున్నాడు. "ఈ పొడిలో కంటికి కనపడనంత సన్నటి రంధ్రాలుంటాయి... తర్వాతేంటి?" అన్నాడు ఇటు తిరక్కుండానే. ఆ రంధ్రాలు గాలిలో తేమను పట్టుకుంటాయనీ, కాస్త వేడి తగిలితే నీళ్లుగా వదిలేస్తాయనీ మాట అందించింది. చొక్కా కూడా అందించింది.

ఆ పొడి పుట్టింది ఆమె చేతుల్లో. యూనివర్సిటీలో ఆయన ప్రొఫెసరు, అదే ల్యాబ్‌లో ఆమె పరిశోధకురాలు. ఆ పొడితో కంపెనీ పెట్టమని యూనివర్సిటీ వాళ్లు అన్నప్పుడు డైరెక్టర్ కుర్చీ ఆయనకే దక్కింది. "ఇద్దరం బయట తిరిగితే ఇల్లెవరు చూస్తారు? ఎవరు కూర్చుంటేనేం, మనదేగా" అన్నాడు. ఆ 'మనది' అన్న మాటకి ఆమె కరిగిపోయింది. కంపెనీ వెబ్‌సైట్‌లో తన పేరు ఎక్కడా లేదేమని అడిగితే, చిన్నపిల్లలా పేచీ పెట్టకన్నాడు. అత్తగారు ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ కొడుకు గాలిలోంచి నీళ్లు తీస్తాడని చెప్పి, కోడలూ అక్కడే ఏదో చేస్తుందిలే అని కలిపేది.

చిక్కల్లా ఒకటే. ల్యాబ్‌లో గుప్పెడు చేస్తే చక్కగా పనిచేసే పొడి, ఫ్యాక్టరీలో పెద్ద పాత్రలో చేస్తే ఉత్త సుద్దలా పడుండేది. హడావిడిగా ఆరబెడితే రంధ్రాలు కూలిపోతున్నాయి, ఇంకొన్నాళ్లు పని చేయాలి అని ఆమె నెత్తీనోరూ కొట్టుకుంది. ముందు పెట్టుబడి రానీ, తర్వాత చూద్దాం అన్నాడాయన.

మీటింగ్‌లో ఆమెకు చివరి వరసలో కుర్చీ, టీలు అందరికీ అందాయో లేదో చూసే పని. ముందు వరసలో జుట్టు నెరిసిన ఒకావిడ, బల్ల మీద నీళ్లు తీసి చూపించిన పొడి ఫ్యాక్టరీలో తయారైనదేనా అని అడిగింది. ఆయన తడుముకోకుండా అవునన్నాడు. అని, చివరి వరసలో ఉన్న భార్య వైపు చూసి నవ్వాడు. నవ్వితే తలూపుతుందని ఆయన నమ్మకం. ఇన్నేళ్లూ ఊపింది మరి.

ఆమె లేచి నిలబడింది.

"కాదండీ. అది నేను ల్యాబ్‌లో చేసింది. ఫ్యాక్టరీ పొడి ఇంకా తేమ పట్టడం లేదు."

"మీరు?" అంది జుట్టు నెరిసిన ఆవిడ.

ఆయన ఏదో అనబోయాడు. ఈలోపే, "దీన్ని కనిపెట్టింది నేనే" అంది.

వచ్చినవాళ్లు మర్యాదగా టీలు తాగి వెళ్లిపోయారు. కంపెనీ అక్కడితో ఆగిపోయింది. ఇంటి గొడవలు ఇంట్లోనే ఉంచుకోవాలమ్మా అని డిపార్ట్‌మెంట్ పెద్ద ఫోన్ చేసి హితవు చెప్పాడు. భర్త ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఆయనకు పోయింది కుర్చీ. ఆమె పొడి మాత్రం ఏ మూలనో పడి ఉంటుంది, ఏ దాహమూ తీర్చకుండా. ఆ బాధ ఆ ఇంట్లో ఎవరికీ పట్టలేదు.

మర్నాడు పొద్దున ఆమె ల్యాబ్‌కి బయల్దేరుతుంటే అత్తగారు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఒక్క గంట నోరు మూసుకుని కూర్చోలేకపోయావా?"

ఆమె చెప్పులు వేసుకుంది.

"ఒక్క గంటే అయితే కూర్చునేదాన్నే, అత్తయ్యా."